కలకి అద్దె ఎవరు కడతారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఎమ్మేలో హోసే ఎస్తెబాన్ మున్యోస్ అనే అమెరికా ప్రొఫెసర్ పుస్తకం చదివారు. క్వీర్‌తనం, అంటే ప్రేమలోనూ జెండర్‌లోనూ లోకం గీసిన ఆడ-మగ గీతలకి లొంగని బతుకు, మనకింకా అందలేదు, అది ఎప్పుడూ ఎదర కనపడుతూ నడిపించే వెలుగు అనే ఆయన ఆలోచన మీకు బాగా పట్టేసింది. మీ రూమ్మేట్ మాత్రం "ఇవన్నీ కడుపు నిండినవాళ్ల కబుర్లు. మనవాళ్లకి కావాల్సింది అద్దెకి గది, రేషన్ కార్డు, పింఛను" అని కొట్టిపారేశాడు. కలలు కంటే సమాజం మారుతుందా, లేక మార్చేది కోర్టు కేసులేనా అని అడుగుతున్నారు.

గది, రేషన్ కార్డు, పింఛను. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరికి వస్తాను.

నేను హైదరాబాద్‌లో క్వీర్ జనంతో కలిసి ఈ పనిలో పడి ఇరవై ఏళ్లు దాటింది. కండోములు పంచడంతో మొదలైంది. ఇప్పుడు ఎక్కువగా కాయితాల పని: పేరు మార్పు అఫిడవిట్లు, గుర్తింపు కార్డు దరఖాస్తులు, అప్పుడప్పుడూ అర్ధరాత్రి పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చోవడం. కాబట్టి నేను మీ రూమ్మేట్ వైపే మాట్లాడతానని అనుకుంటారు. చాలాకాలం అలాగే మాట్లాడాను కూడా. నా బుద్ధి మార్చింది పుస్తకం కాదు, ఒక ఇనప పెట్టె.

2004 ప్రాంతంలో సికింద్రాబాద్ వైపు ఒక పాత ఇంటి మేడ మీద మాకో గది ఉండేది. పైన రేకులు. ఎండాకాలం లోపల కూర్చుంటే ఉడికిపోయేవాళ్లం. బోర్డు పెట్టలేదు, పెడితే ఓనరు ఖాళీ చేయమంటాడు. అడిగినవాళ్లకి టైలరింగ్ నేర్పుతున్నామని చెప్పేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటాక ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చేవారు. ఎక్కువమంది కడా-చట్లాలు, అంటే బయట ప్యాంటూ చొక్కాలో బతికే కోతీలు. మగపుట్టుక పుట్టినా ఆడతనం తమదనుకునేవాళ్లు కోతీలు. (కోతి కాదు, కోతీ. ఈ జోకు నేను వినని ఏడాది లేదు.) ఒకరు బస్టాండు క్యాంటీన్లో సర్వరు, ఒకరు పెళ్లిళ్లకి వంట, ఇద్దరికి భార్యాపిల్లలు ఉన్నారు, ఒకరు డిగ్రీ చదువుతున్న కుర్రాడు.

గది మూలన ఆ పెట్టె. అందులో ఒక్కొక్కరి చీర ఒక్కో పాత పేపర్లో చుట్టి, పురికొస కట్టి ఉండేది. పొట్లం మీద స్కెచ్ పెన్నుతో పేరు. ఇంట్లో అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు, వాళ్లకి వాళ్లు పెట్టుకున్నది. తాళంచెవి ఒక పెద్ద హిజ్రా బొడ్లో ఉండేది, మేం అమ్మ అనేవాళ్లం. పెట్టె తెరవగానే నాఫ్తలీన్ ఉండల వాసన. ఆ తర్వాత నాలుగు గంటలపాటు చీరలు, మల్లెపూలు, టేప్ రికార్డర్లో పాటలు, స్టవ్ మీద పప్పుచారు. ఎవరి నడక మీదా ఎవరూ నవ్వేవారు కాదు. నవ్వినా అది వేరే నవ్వు. ఆరున్నరకి మళ్లీ ప్యాంట్లు. కాటుక ఒక పట్టాన పోదు కదా, కొబ్బరినూనె రాసి తుడుచుకుని, చీర మడిచి, పొట్లం కట్టి, పెట్టెలో పెట్టి, బస్సు ఎక్కేసేవారు.

నా పని రిజిస్టరు నింపడం. ఎంతమంది వచ్చారు, ఎన్ని కండోములు ఇచ్చాం, ఎందరిని రక్తపరీక్షకి పంపాం. అందులో చీరకి కాలమ్ లేదు. నిజం చెప్పాలంటే ఆ నాలుగు గంటలూ నాకు దండగ అనిపించేవి. సోమవారం పొద్దున్నకి బయట ఏం మారింది? ఏమీ లేదు. ఓనరు ఓనరే, పోలీసు పోలీసే.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో తీర్పు ఇచ్చింది. తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే అంది. అప్పుడు మేం కాయితాల పని మొదలుపెట్టాం. దరఖాస్తులో 'పేరు' అన్న గడి దగ్గర అందరూ తడబడతారని, ఒక్కొక్కరితో గంటసేపు మాట్లాడాల్సి వస్తుందని అనుకున్నాను. ఒక్కరూ తడబడలేదు. పెన్ను తీసుకుని రాసేశారు. ఆ పేర్లు అప్పటికి పదేళ్లుగా పేపరు పొట్లాల మీద ఉన్నాయి మరి.

మున్యోస్‌ని నేను చదివింది దాని తర్వాత, ఒక కుర్రాడు ఇస్తే. ఇంగ్లీషు కష్టమే, సగం పేజీలు దాటేశాను. కానీ అసలు సంగతి దొరికింది. ఆయన హవానాలో 1967లో పుట్టి, అమెరికాలో పెరిగి, న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 2013లో నలభై ఆరేళ్లకే పోయాడు. ఆ పుస్తకం 2009లో వచ్చింది. అప్పట్లో అమెరికాలో గే ఉద్యమం మొత్తం పెళ్లి, సైన్యంలో ఉద్యోగం అనే రెండు కోరికల చుట్టూ తిరుగుతోంది. ఉన్న లోకంలో మాకూ ఒక కుర్చీ వేయండి అనడమేనా మనం కోరేది అని ఆయన చిరాకు. ఎర్న్‌స్ట్ బ్లాఖ్ అనే జర్మన్ తత్వవేత్త దగ్గర ఒక తేడా అరువు తెచ్చుకున్నాడు. నాజీల నుంచి పారిపోయి అమెరికాలో తలదాచుకుని, ఆశ గురించి మూడు సంపుటాలు రాసిన మనిషి బ్లాఖ్. ఊరికే గాల్లో కట్టే మేడ ఒకటి. బతుకుతున్న మనుషుల పోరాటంలోంచి, వాళ్ల రోజువారీ పనుల్లోంచి పుట్టుకొచ్చే కల ఇంకొకటి. రెండోదానికే విలువ. అందుకే మున్యోస్ పెద్ద పెద్ద ప్రణాళికల జోలికి పోకుండా స్నేహితుడితో కోక్ తాగడం గురించిన చిన్న కవితలోనూ, క్లబ్బులో డాన్సు వేసే చోటా రేపటి జాడలు వెతుకుతాడు.

ఇలాంటి కలకి ఆయన వాడే మాట యుటోపియా. మనకి ఆ మాట అనగానే కాలజ్ఞానంలా జరగబోయేది ముందే చెప్పడం అనుకుంటాం. లేదా రామరాజ్యం, అంతా సిద్ధంగా ఉన్న బొమ్మ. ఇది రెండూ కాదు. రాని రోజుకి ఇవాళే రిహార్సల్ వేయడం. మా పెట్టె ఆ పనే చేసిందని నాకు పదేళ్లు ఆలస్యంగా తెలిసింది.

ఆ గదిలో కూర్చున్న మాకెవ్వరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. 1329 ఫసలీలో, అంటే 1919లో, నిజాం ప్రభుత్వం నపుంసకుల చట్టం అని ఒకటి చేసింది. బ్రిటిష్‌వాళ్ల 1871 నేరజాతుల చట్టంలోని రెండో భాగం దానికి అచ్చు. నగరంలో ఉండే హిజ్రాల పేర్లు ఒక రిజిస్టరులో రాయాలి. రిజిస్టరులో ఉన్నవాళ్లు ఆడవాళ్ల బట్టలు కట్టుకునో నగలు పెట్టుకునో వీధిలో కనపడితే, పాడితే, ఆడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ విడిపోయింది. చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ తెలంగాణ చట్టంగా పుస్తకంలో అలాగే ఉండిపోయింది. మేం పెట్టెకి తాళం వేసుకున్నది ఓనరు భయంతో. అసలు భయపడాల్సింది అటువైపు ఉందని తెలియదు.

దాన్ని కొట్టేయించింది వైజయంతి వసంత మొగ్లి, మరి కొందరు కలిసి 2018లో హైకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం. 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. నూట నాలుగేళ్లు! అదే తీర్పులో ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకీ వర్తింపజేయాలని, చదువులో, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. మీ రూమ్మేట్ చెప్పిన పింఛను ఎక్కడుందో చూశారా? వీధిలో చీర కట్టుకుని తిరిగే హక్కు కోసం వేసిన కేసులో ఉంది. అటు ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2017 చివర్లోనే నెలకి 1,500 రూపాయల పింఛనుకి ఒప్పుకుంది. ఎవరో అధికారికి జాలి కలిగి ఇచ్చింది కాదు అది. మేమూ మనుషులమే, పౌరులమే అని అప్పటికి ఎన్నో ఏళ్లుగా రోడ్డెక్కి అరుస్తున్నవాళ్లు ఉండబట్టే ఫైలు కదిలింది.

ఇక రేషన్ కార్డు. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి, ఓపిక పట్టండి.

1980ల చివర్లో ఢిల్లీలో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అని ఒక చిన్న బృందం మొదలైంది. 1991లో వాళ్లు 'లెస్ దాన్ గే' అని ఒక నివేదిక వేశారు. గులాబీ అట్ట, అందుకే పింక్ బుక్ అనేవారు. భారతదేశంలో స్వలింగ ప్రేమికుల బతుకు మీద ప్రజల ముందుకొచ్చిన మొదటి నివేదికల్లో అదొకటి. అందులో డిమాండ్లు చదివితే ఇప్పటికీ నాకు నవ్వూ, దండం పెట్టాలనీ రెండూ కలుగుతాయి. స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన ఐపీసీ 377 సెక్షను రద్దు చేయాలి, సరే. దాంతోపాటు స్పెషల్ మ్యారేజ్ యాక్టుని సవరించి ఒకే జెండర్‌వాళ్ల పెళ్లికి వీలు కల్పించాలి అని రాశారు. 1991లో! అప్పటికి ప్రపంచంలో ఏ దేశంలోనూ అలాంటి పెళ్లి చట్టం లేదు. మొట్టమొదట ఇచ్చిన నెదర్లాండ్స్ కూడా 2001లో ఇచ్చింది. మన దగ్గర ఇద్దరు మగవాళ్లు శారీరకంగా కలిస్తే యావజ్జీవం దాకా వేయగల సెక్షను నడుస్తుండగా, పదిమంది కూర్చుని పెళ్లి కావాలని రాసేశారు. ఆ రోజున మీ రూమ్మేట్ ఉంటే ఏమనేవాడో మీకే తెలుసు. ఆ బృందంలోని లాయరు సిద్ధార్థ గౌతమ్ ఇరవై ఎనిమిదేళ్లకే 1992లో క్యాన్సర్‌తో పోయారు. తన కళ్లతో చూసిన ఫలితం ఏమీ లేదు.

మిగిలినవాళ్లు ఆగలేదు. కన్నాట్ ప్లేస్ పార్కులో మగవాళ్లని పోలీసులు పట్టుకెళ్లినందుకు 1992 ఆగస్టు 11న ఢిల్లీ పోలీసు హెడ్‌క్వార్టర్స్ ముందే ధర్నా చేశారు. తీహార్ జైల్లో కండోములు పంచనివ్వకపోతే 1994లో 377 మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. ఆ కేసు నడిపేవాళ్లు లేక 2001లో కొట్టేశారు. అదే ఏడాది నాజ్ ఫౌండేషన్ మళ్లీ వేసింది. 2009లో గెలుపు, 2013లో సుప్రీంకోర్టులో ఓటమి, 2018 సెప్టెంబరు 6న మళ్లీ గెలుపు. ఈ భాగం అందరికీ తెలిసిందే, వదిలేస్తాను. 2013 డిసెంబరు 11 సాయంత్రం మా వాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో మాత్రం మర్చిపోలేను. మీరు అతి కొద్దిమంది అని కోర్టు అంది. కొద్దిమంది అయితే హక్కు ఉండదా అని ఒక వంటమనిషి అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

పెళ్లి డిమాండు చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేసుకి పేరిచ్చిన సుప్రియో, అభయ్ డాంగ్ జంట మన హైదరాబాద్‌వాళ్లే. 2023 అక్టోబరు 17న ఓడిపోయారు. పెళ్లి అనేది ప్రాథమిక హక్కు కాదు, కావాలంటే పార్లమెంటు చూసుకోవాలి అంది రాజ్యాంగ ధర్మాసనం. కానీ విచారణలో కేంద్రం తరఫు సొలిసిటర్ జనరల్ ఒక మాటిచ్చారు. కేబినెట్ కార్యదర్శి కింద కమిటీ వేసి, ఇలాంటి జంటల రోజువారీ ఇబ్బందులు చూస్తామని. 2024 ఏప్రిల్‌లో ఆ కమిటీ వేశారు. ఆగస్టులో బ్యాంకుల్లో జాయింట్ ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని ఆర్థికశాఖ చెప్పింది. కలిసి బతుకుతున్న క్వీర్ భాగస్వాముల్ని రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివాళ్లుగా చూడమని ఆహారశాఖ రాష్ట్రాలకి రాసింది.

అంటే మీ రూమ్మేట్ అడిగిన రేషన్ కార్డు ఎక్కడ పుట్టింది? ఓడిపోయిన పెళ్లి కేసు కడుపున. ఆ పెళ్లి కేసు ఎక్కడ పుట్టింది? ఎవరూ నమ్మని గులాబీ అట్ట పుస్తకంలో. 1991లో 'ముందు సాధ్యమయ్యేది అడుగుదాం, రేషన్ కార్డు అడుగుదాం' అని వాళ్లు అనుకుని ఉంటే ఏ ఆఫీసులో, ఏ కిటికీ దగ్గర, ఎవరిమని చెప్పి అడిగేవారు? రేషన్ కార్డు ఇవ్వాలంటే ముందు ఇది ఒక ఇల్లు అని ఎవడో ఒప్పుకోవాలి. ఇది ఇల్లే అని మొదట అన్నది కలగన్నవాళ్లు. (ఆ ఉత్తరం సంగతి కౌంటర్లో కూర్చున్న అబ్బాయికి తెలియదు, నేను ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకుని తిరుగుతుంటాను. అది వేరే కథ.)

ఇక్కడ మున్యోస్ చిరాకు కూడా న్యాయమే అని ఒప్పుకోవాలి. 1991లో పెళ్లి అడగడం ఆకాశానికి నిచ్చెన. 2023కి అదే ఇరుకైన గుమ్మంలా కనిపించింది చాలామందికి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పెళ్లి కావాలన్నవాళ్లు పదిమందిలో ఇద్దరు ఉంటారేమో. మిగతావాళ్ల బాధ వేరు: ఆస్పత్రిలో సంతకం ఎవరు పెడతారు, చనిపోతే శవం ఎవరికిస్తారు, ఇరవై ఏళ్లు అన్నం పెట్టిన గురువుకి చట్టంలో నేనేమవుతాను. హైదరాబాద్ హిజ్రాల్లో గురు-చేలా వరసే కాదు, దూద్ బేటీ, దూద్ బెహన్ అని పాలతో కలుపుకునే చుట్టరికాలున్నాయి. వీటిలో ఏ ఒక్కటీ మొగుడూ పెళ్లాల లెక్కలో ఇమడదు. సుప్రియో కేసుతో కలిపి విన్న పిటిషన్లలో ఒకటి ఈ సంగతే అడిగింది: మేం ఎంచుకున్న కుటుంబాన్ని కుటుంబంగా చూడండి అని. పత్రికలన్నీ పెళ్లి పెళ్లి అని రాసి దాన్ని పక్కన పడేశాయి. కానీ ఆ మాట చావలేదు. 2025 మే 22న మద్రాస్ హైకోర్టు, పుట్టింటివాళ్లు బలవంతంగా పట్టుకెళ్లిన ఒక అమ్మాయి కేసులో, కుటుంబం కట్టుకోవడానికి పెళ్లి ఒక్కటే దారి కాదు, ఎంచుకున్న కుటుంబం అనే భావన న్యాయశాస్త్రంలో స్థిరపడిందే అని రాసింది. ఆ అమ్మాయిని తన స్నేహితురాలితో వెళ్లనిచ్చింది. జమాత్‌లో, అంటే హిజ్రాల సంఘంలో, ఎప్పటినుంచో నడుస్తున్న బతుకు న్యాయమూర్తి కలంలోకి రావడానికి ఇన్నాళ్లు పట్టింది.

జమాత్‌ని నేను ఆకాశానికెత్తడం లేదు. పుస్తకాలు చదివి వచ్చే పిల్లలు ఆ పొరపాటు చేస్తారు. జమాత్‌లో దండ్, అంటే జరిమానా, ఉంటుంది, గురువు వాటా ఉంటుంది, అప్పు తీరేదాకా కదలనివ్వని ఇళ్లుంటాయి, కులం కూడా వెనక గుమ్మంలోంచి వచ్చి కూర్చుంటుంది. మా గదిలో పప్పుచారు గిన్నెలు ఎప్పుడూ ఆ ఇద్దరే తోమేవారని నేను గమనించడానికి ఏడాది పట్టింది. ఎందుకు ఆ ఇద్దరే అని అడగడానికి ఇంకో ఏడాది. స్వర్గం అనుకున్న చోట అంట్లు ఎవరు తోముతున్నారో చూడండి, చాలా విషయాలు తెలుస్తాయి.

'కడుపు నిండినవాళ్ల కబుర్లు' అన్న మాట దగ్గరికి వద్దాం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎడ్వర్డ్ కార్పెంటర్ అని ఒక ఇంగ్లీషు ఆయన ఉండేవాడు. కేంబ్రిడ్జ్ చదువు, చర్చి ఉద్యోగం, అన్నీ వదిలేసి 1883లో షెఫీల్డ్ దగ్గర మిల్‌థోర్ప్ అనే పల్లెలో కూరగాయలు పండించుకుంటూ కూర్చున్నాడు. తండ్రి ఆస్తి ఉంది కాబట్టి కూర్చోగలిగాడు, ఆ మాట నిజం. ఆయన స్నేహితుడు ఒకడు మన దేశంలో పాఠాలు చెబుతుండగా కశ్మీర్ చెప్పుల జత ఒకటి పంపించాడు. కార్పెంటర్ ఆ చెప్పులు చూసి కుట్టడం నేర్చుకుని, చుట్టుపక్కలవాళ్లకి కుట్టి అమ్మేవాడు. బూట్లలో బిగించిన కాళ్లకి గాలి తగలాలన్నది ఆయన సిద్ధాంతం. షెఫీల్డ్ మురికివాడలో పుట్టిన జార్జ్ మెరిల్‌తో 1898 నుంచి ఒకే ఇంట్లో బతికాడు. ఆస్కార్ వైల్డ్‌ని జైల్లో పెట్టి అప్పటికి మూడేళ్లే. ఊరంతా చూస్తుండగా, మెరిల్ 1928లో పోయేదాకా ముప్పై ఏళ్లు. ఒకే జెండర్‌వాళ్ల ప్రేమ వర్గాల గోడలు దాటించి కొత్త సమాజానికి దారి తీస్తుందని 1908లో ఒక పుస్తకం కూడా వేశాడు. నాగరికత ఒక జబ్బు అన్న ఆయన మరో రచనని గాంధీ హింద్ స్వరాజ్‌లో మెచ్చుకున్నారు. ఈ రెండు సంగతులూ ఒకే మనిషివని మన బళ్లలో చెప్పరు. 1937లో జార్జ్ ఆర్వెల్ సోషలిజానికి చెడ్డపేరు తెచ్చేవాళ్ల జాబితా వేసి, చెప్పులేసుకునేవాళ్లని కూడా అందులో కలిపి వెక్కిరించాడు. మీ రూమ్మేట్ మంచి సావాసంలోనే ఉన్నాడు!

ఇంగ్లండులో ఆ చట్టం 1967లో గానీ మారలేదు, అదీ సగమే. కార్పెంటర్ కూరగాయల వల్ల మారిందని నేననను. కానీ ఇలా బతకొచ్చు అని చూపించిన ఇల్లు ఒకటి ఉండటం వేరు, లేకపోవడం వేరు. ఆ ఇంటికి ఎక్కడెక్కడినుంచో జనం వచ్చేవారు, మా మేడ గదికి మెట్లెక్కి వచ్చినట్టే.

కడుపు నిండనివాళ్ల కబురు కూడా చెబుతాను, నాకు అదే ఎక్కువ ఇష్టం. 1970లో న్యూయార్క్‌లో సిల్వియా రివెరా, మార్షా పి. జాన్సన్ అనే ఇద్దరు స్టార్ అనే సంఘం పెట్టారు. సిల్వియాకి అప్పుడు పంతొమ్మిదేళ్లు. ఇద్దరూ వీధిలో బతికినవాళ్లు, ఒళ్లమ్ముకుని తిన్నవాళ్లు. ఇళ్లలోంచి గెంటేసిన పిల్లలకి ఒక కప్పు కావాలనుకున్నారు. మొదట పార్కింగ్ స్థలంలో నిలబెట్టి ఉన్న లారీ ట్రెయిలర్లో పడుకోబెట్టారు. తర్వాత తూర్పు రెండో వీధిలో ఒక పాడుబడ్డ ఇల్లు అద్దెకి తీసుకున్నారు. పిల్లలు వీధిలోకి వెళ్లకుండా ఉండాలని వీళ్లిద్దరూ వెళ్లి సంపాదించి అద్దె కట్టేవారు. పై అంతస్తులో చదువు రానివాళ్లకి బడి పెట్టాలని ప్లాను. చదువుకునే అవకాశం దొరకని సిల్వియా బడి గురించి కలగంది.

ఏడాది తిరగకుండానే, 1971 వేసవిలో, అద్దె కట్టలేదని ఖాళీ చేయించారు. 1973లో గే ర్యాలీ వేదిక మీద సిల్వియా మైకు లాక్కుని, జైళ్లలో మగ్గుతున్న మీ వాళ్లని మీరే మర్చిపోయారని అరిస్తే కింద ఉన్న గే, లెస్బియన్ జనమే ఆమెను గేలి చేశారు. నగరంలో గే హక్కుల చట్టం 1986లో వచ్చింది, ట్రాన్స్ వాళ్లు అందులో లేరు. ట్రాన్స్ వాళ్లకి రక్షణ ఇచ్చే నగర చట్టం 2002 ఏప్రిల్‌లో వచ్చింది. సిల్వియా అదే ఏడాది ఫిబ్రవరిలో పోయింది. ఇవాళ ఇళ్లలోంచి వెళ్లగొట్టిన ట్రాన్స్ పిల్లలకి ఆశ్రయం పెట్టేవాళ్లు, మన దేశంలో ప్రభుత్వ సాయంతో గరిమా గృహాలు అని నడిచేవి కూడా, ఆ పాడుబడ్డ ఇంటిని తలుచుకున్నా తలుచుకోకపోయినా చేసేది ఆ పనే.

కాబట్టి మీ రూమ్మేట్ అడిగిన మూడింటిలో నేను జవాబు చెప్పలేనిది గది ఒక్కటే. కలని చంపేది దాని అసాధ్యత అనుకుంటాం. నా అనుభవంలో కలని చంపేది అద్దె. మా మేడ గది ప్రాజెక్టు డబ్బుతో నడిచింది. రోగం తగ్గించడానికి ఇచ్చిన డబ్బు అది, చీరలకి కాదు. లెక్కల్లో లక్ష్యాలు మారగానే ఒక నెల నోటీసు ఇచ్చి మూసేశారు. ఇంతకంటే పెద్ద ఉదాహరణ మీరూ చూశారు. నారాయణగూడలో 2021 జనవరిలో దేశంలోనే మొదటిసారిగా ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ తెరిచారు, నడిపినవాళ్లలో ట్రాన్స్‌జెండర్లే ఎక్కువ. పేరు పెట్టి పిలిచే డాక్టరు ఉండటం ఎంత పెద్ద సంగతో బయటివాళ్లకి చెప్పినా అర్థం కాదు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఆపగానే అది మూతపడింది. వాషింగ్టన్‌లో ఒక సంతకం, ఇక్కడ షట్టర్. తర్వాత వేరే దాతల డబ్బుతో మళ్లీ తెరిచారు, సంతోషమే. కానీ తాళంచెవి ఎవరి బొడ్లో ఉందన్న ప్రశ్న అలాగే ఉంది.

మీరు కాలేజీలో గ్రూపు పెట్టి మేనిఫెస్టో రాస్తున్నాం అన్నారు. రాయండి. అసాధ్యమైనవే రాయండి, సాధ్యమైనవి రాయడానికి ప్రభుత్వంలో గుమాస్తాలు ఉన్నారు. అయితే మొదటి పేజీ రాసేముందు రెండు పనులు చేయండి. నెలకి మనిషికి యాభయ్యో వందో మీలో మీరే వేసుకునే చిట్టీలాంటిది మొదలుపెట్టండి, ఎవరి దయా లేకుండా ఒక గది అద్దె కట్టగలిగేంత. మీ రూమ్మేట్‌ని దానికి కోశాధికారిగా పెట్టండి, అతనికి ఆ బుద్ధి ఉన్నట్టుంది. రెండోది, మీటింగు అయ్యాక టీ గ్లాసులు ఎవరు కడుగుతున్నారో నెల రోజులు రాసి పెట్టుకోండి.

పెట్టె సంగతి అడుగుతారేమో. గది ఖాళీ చేసిన రోజు ఎవరి పొట్లం వాళ్లు తీసుకెళ్లారు. కొందరు అప్పటికే చీరలోనే వచ్చేస్తున్నారు, వాళ్లకి పొట్లంతో పని లేదు. రెండు పొట్లాలు మిగిలిపోయాయి. ఒకటి ఆ డిగ్రీ కుర్రాడిది, ఊళ్లో పెళ్లి చేశారని విన్నాం. రెండోదాని మీద 'మంజుల' అని ఉంది, ఆ పేరు ఎవరిదో మాలో ఎవరికీ గుర్తు రాలేదు. పెట్టె ఇప్పుడు మా ఇంట్లో మంచం కింద ఉంది. నాఫ్తలీన్ ఉండలు ఏటా మారుస్తాను. పురికొస విప్పలేదు.